కట్నం పుచ్చుకోని బేకన్

పొట్లం విప్పి, నాలుగు ముక్కలు వేయించుకుని, మిగతా బేకన్‌ని అలాగే ఫ్రీజర్లోకి తోసే మనిషి ఇంటికొకడుంటాడు. మా ఇంట్లో ఆ పదవి మావాడిది. ఆదివారం పొద్దున్నే ఆ గడ్డ ముందు చాకు, స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది. పొరకీ పొరకీ మధ్య బేకింగ్ కాగితం పెట్టరా, కావలసినన్నే ఊడొస్తాయి అంటే, ‘చిల్, డాడ్’ అంటాడు. అది చిల్ అవబట్టే కదరా నాకీ చాకిరీ!

అసలు మంట అది కాదు. ఉప్పు తగిలితే ఏదైనా నిలవుంటుందని మనకో గట్టి నమ్మకం. ఆవకాయ, ఉప్పుచేప, చల్లమిరపకాయలు దాని మీదే బతుకుతున్నాయి. ఇక్కడి అమెరికా ప్రభుత్వ పట్టికలో చూద్దును కదా, ఉప్పంటని పచ్చి పోర్క్ చాప్స్‌కి ఫ్రీజర్లో 4 నుంచి 12 నెలలు. ఉప్పులో ఊరిన బేకన్‌కి ఒక్క నెల! ఆ తర్వాత తిన్నా ప్రాణానికేం కాదట, రుచే పోతుంది. సున్నా ఫారన్‌హీట్‌లో క్రిములు ముడుచుకు పడుకుంటాయి గానీ, ఆ ఉప్పే గాలికి తోడై కొవ్వుకి పాత నూనె కంపు పట్టిస్తుంది. ఉప్పు కూడా అమెరికా వచ్చి మారిపోయిందన్నమాట.

ఇక ఆ పొట్లం మీది రాతలు. ముందువైపు గుమ్మడికాయంత అక్షరాలతో ‘అన్‌క్యూర్డ్’, అంటే ఊరబెట్టనిదట, ‘నైట్రైట్లు కలపలేదు’. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలతో ‘సెలరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప’. సెలరీ నిండా నైట్రేటే. దాన్ని బ్యాక్టీరియా చేత నైట్రైటుగా మార్పించి మరీ కలుపుతారు. బేకన్‌కి ఆ గులాబీ రంగు దాని చలవే. ‘మేం కట్నం పైసా పుచ్చుకోలేదండీ, మామగారు ప్రేమగా పెట్టింది తప్ప’ అనే వియ్యంకుడి మాటిది. ఆ ప్రేమలో కారుంటుంది, ఫ్లాటుంటుంది, ఆడపడుచు లాంఛనాలుంటాయి. పుచ్చుకోలేదన్న మాట మాత్రం శుభలేఖ మీద అచ్చేసినంత ధీమాగా ఊరంతా తిరుగుతుంది. పైగా ఈ ఆదర్శ వివాహానికి ఒకటి రెండు డాలర్లు ఎక్కువ!

బేకన్ బిట్స్ మరీ విడ్డూరం. చవక సీసాలు చాలావాటిలో పందే ఉండదు. సోయా పిండి, ఉప్పు, రంగు, పొగ వాసన, అంతే. శాకాహారి అయిన మా అత్తగారు లేబుల్ రెండుసార్లు చదివి, ఉప్మా మీద కూడా చల్లుకుంటున్నారు. అది అల్మారాలో నెలల తరబడి నిక్షేపంలా ఉంటుంది. నిజం పందికే అల్పాయుష్షు.

మా ఊళ్లో యాటని కోస్తే ఆకుల్లో పోగులు పెట్టేవాళ్లు. మధ్యాహ్నానికల్లా ఎవరి పోగు వాళ్ల పొయ్యి మీద ఉడుకుతుండేది. దాచడమెలా అన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. ఇక్కడ ఇన్నేళ్లుగా పక్కింటాయనా నేనూ చేతులూపుకుంటూనే ఉన్నాం. నాలుగు ముక్కలు పట్టుకెళ్లి తలుపు తట్టే చనువు ఇంకా కుదరలేదు. అందుకే అంత పెద్ద ఫ్రీజరు.

సరే, గడ్డ సంగతి. చాకు పక్కన పడేసి, దాన్ని అలాగే చల్లటి పెనం మీద పెట్టి సన్నసెగ వెలిగించాలి. అడుగుపొర మెత్తబడగానే ఒక్కొక్కటీ పట్టకారుతో లాక్కోవచ్చు. ఇదంతా గరాజ్‌లోనే, అత్తగారి ఆజ్ఞ. చివర్న పెనంలో మిగిలిన కొవ్వులో గుడ్డు కొట్టి పోస్తే అంచులు జంతికలా కరకరలాడతాయి. ఇంకా చెప్పేవాణ్ణే, ఆవిడ ఉప్మా గిన్నెతో ఇటే వస్తున్నారు.