సంచి వెనక సన్నక్షరాలు

ఒప్పందానికి ఇరుపక్షాల స్వేచ్ఛా సమ్మతి ప్రాణమని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం చెబుతుంది. గుంటూరు జిల్లా కాకుమాను రైతు ఆ సమ్మతిని తొలకరి పడ్డ మర్నాడు కొట్టు ముందు వరసలో నిలబడి, అరువు మీద విత్తనాల సంచి పుచ్చుకుని తెలుపుతాడు. పంట పోతే కంపెనీ బాధ్యత విత్తనం ఖరీదు వరకేనన్న షరతు సంచి వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. సంచి మూతి కోశాడంటే సంతకం పెట్టినట్టే.

సర్కారు చూస్తూ ఊరుకోలేదు. మొలక శాతం ఇంతకు తగ్గరాదని, చీటీ మీద నిజమే రాయాలని 1966 విత్తనాల చట్టంలో కంపెనీలను శాసించింది. ధిక్కరిస్తే తొలి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకా! ఇక రైతుకు పరిహారమంటారా, ఆ ఊసు అందులో లేదు.

ఆ లోటును 1986 వినియోగదారుల రక్షణ చట్టం తీర్చింది. దానికి అడ్డుపడ్డవారిలో సర్కారు వారి సొంత జాతీయ విత్తన సంస్థే ఉండటం విశేషం. ఆంధ్రప్రదేశ్ రైతులకు పరిహారం ఇవ్వాల్సి వచ్చేసరికి సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతు వినియోగదారుడే కాడట, పండించింది అమ్ముకుంటాడు కదా! ఒప్పందంలో మధ్యవర్తి షరతు ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరానికి రాకూడదట. అన్నిటికన్నా ఘనమైన వాదన, విత్తనాన్ని ప్రయోగశాలకు పంపలేదని. అంటే రైతు పంట పోతుందని ముందే పసిగట్టి, గుప్పెడు గింజలు విత్తకుండా మూటగట్టి దాచాలన్నమాట. అంత జోస్యం తెలిసినవాడు ఆ సంచి కొంటాడా? విత్తనం మొత్తం చల్లేసిన రైతును నమూనా అడగటం కుదరదనీ, రైతూ వినియోగదారుడేననీ 2012 జనవరి 16న కోర్టు తేల్చింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం మరో మెట్టెక్కి ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో నిర్వచించింది. రైతు తన జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. అయితే విత్తనం చెడ్డదని చెప్పుకోవడానికే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. షరతే అన్యాయం అనాలంటే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్ ఉన్న విజయవాడకు వెళ్లాలి. అన్యాయం చిన్నదైనా సరే, దాన్ని వినాల్సిన చెవులు పెద్దవై ఉండాలని చట్టం భావన కాబోలు.

రెండు చోట్లా ముందుగా అడిగేది బిల్లు. అరువు సరుకుకు కొట్టులో రాసిచ్చేది తెల్లచీటీ. దాని మీద కంపెనీ పేరూ లాట్ నంబరూ కనిపించవు గానీ, బాకీ మాత్రం పైసలతో సహా ఉంటుంది.