వెనకనుంచి చూస్తే లావుగా కనబడాలి

స్పోర్ట్స్ కారుకి కొత్త టైర్లు వేయించాలనుకునేవారు ముందుగా డ్రైవరు వైపు తలుపు కళ్లు మూసుకుని తియ్యడం సాధన చెయ్యాలి. తెరిచి చూస్తే పక్కన అంటించిన స్టిక్కరు కంటపడుతుంది. టైరు సైజెంత, గాలి ఎంత కొట్టించాలి అన్నవి దాని మీద అచ్చేసి ఉంటాయి. కంపెనీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి టెస్టు ట్రాకుల మీద తిరిగి తిరిగి ఖాయం చేసిన అంకెలవి. ఎంత తిరిగితే ఏం లాభం? అపార్ట్‌మెంటు సెల్లారులో వెనకనుంచి ఫొటో తీస్తే కారు ఎలా పడుతుందో వాళ్లకేం తెలుసు?

టయోటా సంగతే చూడండి. సుబారుతో కలిసి 2012లో జీటీ86 అనే కారు తెచ్చింది. అమెరికాలో అదే కారు సయాన్ ఎఫ్ఆర్-ఎస్ పేరుతో అమ్ముడైంది. 200 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,240 కిలోలు, తోసేది వెనక చక్రాలు. ఇంత హంగామా చేసి చివరికి వేసిన టైరు 215/45ఆర్17 సైజు మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. పెట్రోలు పొదుపుకి పేరుపడ్డ ప్రియస్‌కీ అదే టైరు ఉందని తెలిసి కార్ల పత్రికలవాళ్లు కళ్లు నులుముకున్నారు. పిసినారితనం అనుకుంటే పోయేది. కానీ చీఫ్ ఇంజనీరు తెత్సుయా తాదా బృందం కావాలనే చేసిన పని అది. పట్టు తక్కువైతే మామూలు వేగంలోనే మలుపులో వెనక భాగం కాస్త జారుతుంది. ఆ జారుడు డ్రైవరు చేతికి తెలుస్తుంది, స్టీరింగు కొద్దిగా తిప్పి సర్దుకోవచ్చు. ఆ సరదా కోసమే కారంతా కట్టారు.

కాబట్టి ఈ కారు కొన్నవారు షోరూము గేటు దాటగానే ఆ టైర్లు పీకించెయ్యాలి. వాటి స్థానంలో 255 వెడల్పువి పడితే కారు రైలుబండిలా పోతుంది, జారడం అన్న మాటే ఉండదు. రెండు వారాలు గడిచాక ఇంజనులో దమ్ము లేదనిపించడం మొదలవుతుంది. అప్పుడు టర్బో పెట్టించాలి. టర్బో వచ్చాక బ్రేకులు చాలవు. ఆ తర్వాత క్లచ్చి. ఎలక పిల్లిని, పిల్లి ఆవును తెచ్చిన సన్యాసి కథ తెలిసినవారికి ఈ వరస కొత్తేం కాదు.

సైజు విషయంలో లెక్కల జోలికి వెళ్లకపోవడం మేలు. 215/45ఆర్17 అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, అందులో 45 శాతం టైరు గోడ ఎత్తు, రిమ్ము 17 అంగుళాలు. గోడ సుమారు 97 మిల్లీమీటర్లు, చక్రం మొత్తం ఎత్తు 625. దీన్ని పక్కన పడేసి, చూపుకి బాగుందని 235/35ఆర్19 ఎక్కిస్తే ఎత్తు 647 అవుతుంది. స్పీడోమీటరు లెక్క మూడున్నర శాతం తప్పుతుంది: ముల్లు 100 దగ్గరుంటే కారు మరో మూడున్నర కిలోమీటర్లు ఎక్కువే పోతుంటుంది. రాడారు పట్టుకున్న పోలీసు ఆపితే ఈ శాతాల లెక్క ఆయనకి తీరిగ్గా వివరించవచ్చు. గేర్లు కూడా ఆ మేరకు బరువెక్కుతాయి, అంటే ఖర్చుపెట్టి కారుని నెమ్మది చేసుకున్నట్టు. గోడ 82 మిల్లీమీటర్లకి దిగింది గనక గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది. వానాకాలం హైదరాబాద్‌లో కారు నడిపినవారికి ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ఉత్సాహం మీద నీళ్లు చల్లే లెక్క ఇంకొకటుంది. 1,240 కిలోలు నాలుగు చక్రాల మీదా సమంగా పడిందనుకుంటే ఒక్కో టైరు మోసేది 310 కిలోలు. గాలి 33 పీఎస్ఐ కొట్టించారనుకుందాం, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.3 కిలోలు. భాగిస్తే 134 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మన తపాలా శాఖవారి పోస్టు కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, గుణిస్తే 126. అంత కారూ రోడ్డుని పట్టుకుని ఉండేది నాలుగు పోస్టు కార్డుల మేర! గాలి అంతే ఉంచి టైరు మాత్రం వెడల్పు చేస్తే కార్డు పెద్దగా పెరగదు, పొడవు తగ్గి అడ్డానికి సాగుతుంది. టైరు గోడల బిగువుని బట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు గానీ సంగతి ఇదే. అలా సాగిన కార్డు మలుపుల్లో కొంత మేలు చేస్తుంది, రేసు ట్రాకు మీద వేడినీ బాగా ఓర్చుకుంటుంది. ఆ మేలు ఆఫీసు దారిలో యూటర్న్ దగ్గర కనబడాలంటే మాత్రం చాలా నమ్మకం ఉండాలి.

వానలో దాని గుణం వేరు. ముందున్న నీళ్లు పక్కకి తప్పుకోవడానికి దూరం పెరుగుతుంది. విమానాలు తడి రన్‌వేల మీద జారడం గురించి నాసాలో వాల్టర్ హార్న్ 1963లో ఒక సూత్రం ఇచ్చాడు: టైరు గాలి పీఎస్ఐకి వర్గమూలం కట్టి 10.35తో గుణిస్తే, టైరు నీళ్ల మీద తేలిపోయే వేగం గంటకి మైళ్లలో వస్తుంది. 33 గాలికి అది 59 మైళ్లు, మన లెక్కలో 95 కిలోమీటర్లు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద నున్నబడ్డ టైరు లెక్క అది. ఆ నునుపు కోసం అరిగేదాకా ఆగక్కర్లేదు, గాడులు బొత్తిగా తక్కువున్న ట్రాకు టైర్లు కొంటే మొదటిరోజే దానికి దగ్గరవుతారు.

రబ్బరు సంగతికొస్తే, అమెరికా టైర్ల గోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. టెక్సస్‌లోని శాన్ ఏంజెలో పరిసరాల రోడ్ల మీద 7,200 మైళ్లు తిప్పే పరీక్ష దానికి ఆధారం. మార్కులు వేసుకునేది మాత్రం తయారుచేసిన కంపెనీయే. కొన్ని అమెరికన్ ఔత్సాహిక పోటీల్లో 200కి తక్కువున్న టైర్లు పనికిరావని నిబంధన పెడితే, చకచకా అరిగిపోయే మెత్తటి టైర్ల మీద కూడా సరిగ్గా 200 అనే అచ్చయి వచ్చింది. ఒక్క మార్కూ ఎక్కువ కాదు, తక్కువ కాదు! అలాంటివి న్యూజెర్సీలో ఉండే తెలుగు కుర్రాడు జనవరిలో వేయించుకుంటే ఇంకా బాగుంటుంది. 7 డిగ్రీల కిందికి దిగితే వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోతుంది, గడ్డకట్టే చలిలో కదిపితే పగుళ్లు కూడా రావచ్చు.

డబ్బు మిగిల్చేవారికి సెకండ్‌హ్యాండ్ టైర్లున్నాయి. వేలిగోరుతో గీరితే గాడి నిండుగానే తగులుతుంది, పైన నల్లటి పాలిష్ మెరుస్తుంది. గోడ మీద డీఓటీ అక్షరాల వరసలో చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. అవి చదవడం మానెయ్యాలి. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ నటుడు పాల్ వాకర్ 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో చనిపోయాడు. స్నేహితుడు నడుపుతున్న పోర్షే కరెరా జీటీలో పక్క సీట్లో ఉన్నాడు. గంటకి 45 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద కారు 80 నుంచి 93 మైళ్ల వేగంతో పోయిందని, వేగమే కారణమని షెరీఫ్ కార్యాలయం మరుసటి ఏడాది తేల్చింది. ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా అదే నివేదిక రాసింది. ఈ ఒక్క సంగతి మాత్రం వెటకారం లేకుండా చదువుకోవాలి.

మిగిలింది బిగించడం. కొత్త టైరు స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకి రాసుకుని కీచుమంటే ఏం ఫర్వాలేదు, మడ్‌గార్డు అంచు మడిపించెయ్యొచ్చు, అదీ చాలకపోతే కోయించొచ్చు. చెప్పు కోసం కాలు తెగ్గోసుకోవడం మన సామెతల్లో ఉన్నదే, ఇన్నాళ్లకి దానికో వర్క్‌షాపు దొరికింది.

ఎంత చెప్పినా వినని మొండివాళ్లు కొందరుంటారు. టయోటా కూడా వాళ్లలో చేరింది: 2021లో జీఆర్86 వచ్చినప్పుడు ఇంజను 2.4 లీటర్లకి పెరిగింది, పై రకానికి 18 అంగుళాల రిమ్ములు, మెరుగైన పైలట్ స్పోర్ట్ 4 రబ్బరు వచ్చాయి. వెడల్పు మాత్రం అదే 215. సైజు 215/40ఆర్18, చక్రం ఎత్తు 629, పాతదానికన్నా నాలుగు మిల్లీమీటర్లే ఎక్కువ. ఇలా ఉన్న సైజులోనే మంచి రబ్బరు వేయించుకుని ఊరుకునేవారితో ఏ వర్క్‌షాపుకీ బేరం లేదు. నెలకోసారి పొద్దున్నే, కారు ఇంకా కదలకముందు, పాత లుంగీలో కిందికి దిగి నాలుగు చక్రాలకీ గేజి పెట్టి గాలి చూసుకుంటూ కనబడతారు.