పాలకూర వండని గుండిగ

నేను గుండిగని. రాగి ఒళ్లు, లోపల తగరం కళాయి, ఎత్తడానికి రెండు పక్కలా కడియాలు. జామ్‌నగర్‌లో కంచరివాళ్ల సుత్తి దెబ్బలు తిని పుట్టాను. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వండుకుంటూ బతకాల్సినదాన్ని. 1942లో నన్ను బండెక్కించి, ఊరికి పాతిక కిలోమీటర్ల దూరాన సముద్రం ఒడ్డున ఉన్న బాలాచడీకి తీసుకెళ్లారు. అక్కడ వరసగా పెంకుటి షెడ్లు లేచాయి. వండాల్సింది ఎవరికోసమో వంటవాళ్లకే సరిగా తెలియదు.

వచ్చినవాళ్లు పిల్లలు. ఎండుగడ్డి రంగు జుట్టు, పుల్లల్లాంటి కాళ్లు. పోలండ్ పిల్లలు. 1939 సెప్టెంబరులో వాళ్ల దేశాన్ని పడమటి నుంచి హిట్లర్ సేనలు, తూర్పు నుంచి స్టాలిన్ సేనలు ఆక్రమించాయి. తూర్పున చిక్కిన ఎన్నో కుటుంబాలను గూడ్సు పెట్టెల్లో కుక్కి సైబీరియాకి, కజకస్థాన్‌కి తోలేశారు. 1941లో జర్మనీ రష్యా మీద పడ్డాక విడుదలైతే దొరికింది గానీ, అప్పటికే ఎందరి అమ్మానాన్నలో ఆకలికీ విషజ్వరాలకీ పోయారు. మిగిలిన పిల్లల్ని అష్గాబాత్‌లో లారీలెక్కించి మషద్, జాహెదాన్, క్వెట్టాల మీదుగా బొంబాయి చేర్చారు. బాంద్రాలో కొన్నాళ్లుంచి, కాస్త సత్తువ వచ్చాక మా దగ్గరికి పంపారు. మొదటి జట్టులోనే నూట యాభై మందికి పైనే. ఆ తర్వాత ఇంకా వచ్చారు. మొత్తం ఆరువందల పైచిలుకని కొందరు, వెయ్యని కొందరు రాశారు. నాకు తెలిసిందల్లా, పూటపూటా నేను నిండుగా పొయ్యెక్కి, ఖాళీగా దిగేదాన్ని.

ఆ నేల నవానగర్ సంస్థానపు రాజు, జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీది. పిల్లలు రాగానే ఆయన చెప్పిన మాట ఒకటే. మీరిక అనాథలు కారు, నవానగర్ ప్రజలకు నేను బాపుని, అంటే నాన్నని, మీకూ బాపునే అని. పిల్లలు చివరిదాకా ఆయన్ని అలాగే పిలిచారు.

ఆ మొదటి రోజులు నా కళ్ల ముందు నుంచి పోవు. పిల్లలు వరసలో వచ్చేవాళ్లు. గరిటె నాలో దిగుతుంటే కళ్లప్పగించి చూసేవాళ్లు. కడుపునిండా తిని కూడా, ఒక రొట్టె ముక్కని ఎవరూ చూడకుండా చొక్కాలో వేసుకునేవాళ్లు. ఓ చిన్నపిల్ల గౌను జేబు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేది. అందులో ఎండి రాయైపోయిన రొట్టె. ఎంత చెప్పినా పారెయ్యనిచ్చేది కాదు. ఈ పూట తిన్నాం సరే, రేపో? ఆ భయం ఒక్క పూట అన్నంతో పోదు. రేపు, ఎల్లుండి, ఆ తర్వాతా అదే వేళకి పొయ్యి వెలిగితేనే పోతుంది. కొన్ని నెలలకి ఆ జేబు చదునైంది. ఆ పూట నాలో ఉడికింది ఉత్త బంగాళాదుంపల పులుసే, కానీ అంత మంచి వంట నా జన్మలో మళ్లీ వండలేదు.

కారం వాళ్ల నోటికి పట్టలేదు. అందుకని గోవా నుంచి వంటవాళ్లను రప్పించారు. అయినా ఒక గొడవ మిగిలింది. ఉడికించిన పాలకూర. ఒంటికి మంచిదని మావాళ్లు మళ్లీ మళ్లీ వండేవారు, పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఒకరోజు అందరూ కూడబలుక్కుని పాలకూర ముట్టమని సమ్మెకట్టారు. నేను నిండుగా వెళ్లి నిండుగానే వెనక్కొచ్చాను. వంటవాళ్లు కంగారుపడ్డారు. సంగతి బాపు దాకా వెళ్లింది. ఇక ఈ పిల్లలకి పాలకూర వండొద్దని ఆయన ఆజ్ఞ. అంతే. రొట్టె దాచుకున్న పిల్లలే నాకిది వద్దు అనగలిగారంటే, అది శిబిరం కాదు, ఇల్లు. అమ్మ దగ్గర కాక ఇంకెక్కడ మారాం చేస్తారు పిల్లలు?

ఇదంతా ఒక్క రాజు కొట్టు మీద నడవలేదు. రాజుల సభైన నరేంద్ర మండలికి అప్పుడు ఆయనే పెద్ద. తోటి సంస్థానాధీశులను అడిగారు, టాటాల్లాంటి వ్యాపారులూ ఇచ్చారు. చందాల డబ్బే బియ్యంగా, పిండిగా, దుంపలుగా నాలో పడింది. ఇచ్చినవాళ్లలో చాలామంది ఆ పిల్లల మొహం కూడా చూసుండరు.

1946లో శిబిరం మూతపడింది. కొల్హాపూర్ దగ్గర వలివడేలో ఉన్న పెద్ద పోలిష్ శిబిరానికి పిల్లలు వెళ్లిపోయారు. వాళ్లను తిప్పి పంపమని పోలండ్‌లో వచ్చిన కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు, బాపు, శిబిరాన్ని చూసుకున్న ఫాదర్ ప్లూటా, బ్రిటిష్ అధికారి క్లార్క్ కలిసి అనాథలను చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. బాపు 1966లో పోయారు. వార్సాలో ఒక బడికీ, ఒక కూడలికీ ఇప్పుడు ఆయన పేరుంది. బాలాచడీలో సైనిక్ స్కూల్ నడుస్తోంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం నుంచి తప్పించుకుని మీ తెలుగు మెడిసిన్ పిల్లలు ఎందరో చలిలో నడిచి సరిహద్దు దాటింది ఆ పోలండ్‌లోకే. అక్కడ వాళ్లకి తిండీ నీడా దొరికాయి, ఆ తర్వాత విమానాలెక్కి ఇళ్లకి చేరారు.

నేనిప్పుడు గోడౌన్‌లో బోర్లించి ఉన్నాను. కళాయి పోయింది, ఒక కడియం ఊడింది. మీ ఊళ్లోనూ అనాథ పిల్లల ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. పెళ్లిలో మిగిలిన పులిహోర పంపే ముందు, పుట్టినరోజు కేకు పట్టుకెళ్లే ముందు, అక్కడి వార్డెన్‌కి ఒక ఫోన్ చేయండి. పిల్లలకి ఏం ఇష్టమో, ఏ నెలలో సరుకు తక్కువ పడుతుందో అడగండి. ఇచ్చేది కొంచెమే అయినా నెలనెలా ఇవ్వండి. రేపటికోసం ఏ పిల్లా జేబులో రొట్టె దాచుకోకుండా చూడండి.