పట్టించిన పట్టీ

2023 మే 6, శనివారం. లండన్‌లో మూడో చార్లెస్‌కు పట్టాభిషేకం. తెల్లవారకముందే జనం గొడుగులతో, జెండాలతో బాట పొడవునా చేరుతున్నారు. ఉదయం ఏడున్నర ప్రాంతంలో ట్రఫాల్గర్ స్క్వేర్ పక్క వీధిలో ఓ అద్దె వ్యాన్ ఆగింది. దాన్నిండా పసుపుపచ్చ ప్లకార్డులు. ‘నా రాజు కాడు’ అని వాటి మీద రాసి ఉంది.

తెచ్చినవాళ్లు ‘రిపబ్లిక్’ అనే సంస్థ వాళ్లు. రాజరికం వద్దు, దేశాధినేతను జనమే ఎన్నుకోవాలి అన్నది ఆ సంస్థ వాదన. సంస్థ సారథి గ్రాహం స్మిత్ కూడా అక్కడే ఉన్నాడు.

వాళ్లు చాటుమాటుగా వచ్చినవాళ్లు కాదు. నాలుగు నెలలుగా పోలీసులతో మాట్లాడుతూనే ఉన్నారు. ఎక్కడ నిలబడేదీ, ఏం చేయబోయేదీ ముందే చెప్పారు. ఎంచుకున్న చోటు మొదటి చార్లెస్ గుర్రపు విగ్రహం దగ్గర. 1649లో ఆ రాజు తల నరికారు. ఆ తర్వాత పదకొండేళ్లు ఇంగ్లండు రాజు లేకుండానే నడిచింది. మూడో చార్లెస్ బండి ఆ విగ్రహం పక్కనుంచే పోవాలి.

ప్లకార్డులు దించుతుండగా పోలీసులు వచ్చారు. వ్యాన్ వెతికారు. ప్లకార్డు మీది రాత నేరం కాదు. కానీ వాటితోపాటు కొన్ని పట్టీలు దొరికాయి. ప్లకార్డులు చెదిరిపోకుండా కట్టలుగా బిగించే పట్టీలు. పెట్టె మూత ఊడకుండా ప్రయాణికులు చుట్టుకునేలాంటివి.

వీటితో ఏం చేయబోతున్నారని పోలీసుల అనుమానం. మనిషి తనను తాను కంచెకో, స్తంభానికో, పక్కవాడికో కట్టేసుకుని దారికి అడ్డం పడితే అది నేరం. అందుకు పనికొచ్చే సరంజామాను ఆ ఉద్దేశంతో వెంట ఉంచుకున్నా నేరమే. కొత్త చట్టం ఆ మాట చెబుతోంది. అది అమల్లోకి వచ్చి అప్పటికి మూడు రోజులు.

పట్టీలు ప్లకార్డుల కోసమేనని వీళ్లు చెప్పి చూశారు. వినలేదు. స్మిత్‌తో సహా ఆరుగురిని పట్టుకుపోయారు. పట్టీలూ పోయాయి, వందలాది ప్లకార్డులూ పోయాయి.

పదకొండు గంటలకు వెస్ట్‌మినిస్టర్ అబేలో తంతు మొదలైంది. ప్రజలను వారి వారి చట్టాల ప్రకారం పాలిస్తానని చార్లెస్ బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. పన్నెండు దాటిన రెండు నిమిషాలకు కిరీటం తల మీదికి వచ్చింది. బంగారు రథం వానలో తడుస్తూ రాజభవనానికి తిరిగి వెళ్లింది. మేడ మీద నిలబడి రాజు జనానికి చెయ్యి ఊపాడు. స్మిత్ లాకప్‌లో ఉన్నాడు.

రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో వదిలారు. దాదాపు పదహారు గంటలు గడిచాయి. అప్పటికి వీధుల్లో నినాదం వినడానికి ఎవరూ లేరు.

సోమవారం పోలీసులు ఓ ప్రకటన చేశారు. పట్టీలతో కట్టేసుకోవాలనుకున్నారని రుజువు చేయలేమన్నారు. ఆరుగురి మీదా కేసు లేదన్నారు. వాళ్లు నిరసనలో పాల్గొనలేకపోయినందుకు విచారిస్తున్నామన్నారు. అధికారులు తన ఇంటికి వచ్చి స్వయంగా క్షమాపణ చెప్పారని స్మిత్ చెప్పాడు.

పోలీసుల వంతు అలా ముగిసింది. చట్టం మాత్రం అలాగే ఉంది.

బ్రిటన్‌లో రెండు సభలూ ఓటేసినంత మాత్రాన బిల్లు చట్టం కాదు. సింహాసనం మీద ఉన్నవారు సరేననాలి. అది ఉత్త లాంఛనమే. 1708లో ఆన్ రాణి ఓ బిల్లును కాదన్నాక ఇప్పటిదాకా ఎవరూ కాదన్నది లేదు.

పట్టీల బిల్లుకు ఆ లాంఛనం మే 2న, పట్టాభిషేకానికి నాలుగు రోజుల ముందు పూర్తయింది. సరేనన్నది మూడో చార్లెస్.