ఒకే దెబ్బకు మూడు పిట్టలు

పల్లెలకు నీళ్లు తాగే రోడ్డు వేయించాలని పెద్దల ఆలోచన. వాన పడితే చుక్క నిలవదు, రోడ్డులోంచే భూమిలోకి దిగిపోతుంది. కట్టేది కూడా ఊరి చెత్త ప్లాస్టిక్‌తోనే. ఒకే దెబ్బకు మూడు పిట్టలన్నమాట: చెత్త మాయం, బురద మాయం, బోర్లలో నీళ్లు పుష్కలం. ఇన్నాళ్లూ బిల్లుల కోసం కాంట్రాక్టరు మూడు చెరువుల నీళ్లు తాగేవాడు. ఇకపై ఆ పనీ రోడ్డే చూసుకుంటుంది.

ప్లాస్టిక్ రోడ్డు గాలి కబురేమీ కాదు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన రాజగోపాలన్ వాసుదేవన్ గారు చేసి చూపించారు. 2002లోనే చెన్నై జంబులింగం వీధిలో అలాంటి రోడ్డు పడింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేడెక్కిన కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లితే కరిగి రాయిని పొరలా పట్టుకుంటుంది, ఆ మీదట తారు. సింగిల్ రోడ్డుకు కిలోమీటరుకు టన్ను దాకా ప్లాస్టిక్ పడుతుందని లెక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో నిబంధనలు కూడా రాసిపెట్టింది.

ఇంతకీ ఆ పొర గొప్పతనమేమిటి? నీటిని దగ్గరికి రానివ్వకపోవడం. తారు రోడ్డుకు నీరే యముడు కదా. మరి నీళ్లు తాగే రోడ్డు గొప్పతనం? నీటిని లోపలికి పిలవడం. ఈ ఇద్దరికీ ఒకే టెండరులో పెళ్లి.

ఇంజనీర్లకు ఇదేమంత చిక్కు కాదులెండి. రాయికి పొర వేసి, సన్న కంకరా డస్టూ తగ్గిస్తే రాళ్ల మధ్య సందులు మిగులుతాయి. నూటికి పదిహేను ఇరవై పాళ్లు ఖాళీయే. కింద మందపాటి రాతి పరుపులో నీరు ఆగి మెల్లగా ఇంకుతుంది. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. కాకపోతే కాగితం మీద ఎవరూ వడ్లు ఆరబోయరు.

మన ఊళ్లో రోడ్డంటే కోతల కాలంలో కల్లం. తాలు, ఊక, దుమ్ము అన్నీ దాని మీదే. దమ్ము చక్రాలు విప్పకుండానే ట్రాక్టరు మడిలోంచి నేరుగా ఎక్కుతుంది, పెళ్లలు పెళ్లలుగా బురద రాలుస్తుంది. ఆపైన గేదెల కానుకలు.

“సందులు పూడితే ఎట్లా సార్?” అన్నారు సర్పంచ్ గారు.

“మిషను పెట్టి పీల్చాలండి,” అన్నారు ఏఈ గారు.

“మిషను ఎవరిస్తారు?”

“ఎస్టిమేట్‌లో లేదండి.”

“మరి ఏముంది అందులో?”

“శిలాఫలకం ఉందండి.”

ఇక నేల సంగతి. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దానికి నీటివాసన తగలకూడదనే ఇన్నాళ్లూ రోడ్డు నడుమ ఎత్తు పెట్టి పక్కన కాలువలు తవ్వారు. ఇప్పుడు ఆ నేలకే పైనుంచి అభిషేకం. చెరకు లోడు బండి వెళ్లాక రోడ్డు ఏ వంపు తిరుగుతుందో ఆర్కిటెక్టులు వచ్చి చూడాలి.

ప్లాస్టిక్ ఎక్కడిది మరి? పాల ప్యాకెట్టు, క్యారీబ్యాగు పనికొస్తాయి. ఊరి సెంటర్‌లో అడుగడుగునా కనిపించే ఫ్లెక్సీ మాత్రం పనికిరాదు. అది పీవీసీ, వేడి చేస్తే ఆమ్లపు ఆవిరి కక్కుతుంది, అందుకని నిబంధనలు వద్దన్నాయి. అంటే పుట్టినరోజుకూ పండగకూ చేతులు జోడించి నవ్వే నాయకుడు రోడ్డుకు పనికిరాడని ఇంజనీరింగ్ శాస్త్రమే తేల్చేసింది. మనం అయిదేళ్లకోసారి కూడా తేల్చలేకపోయాం.

మూడో పిట్ట మిగిలింది, బోరు నీళ్లు. చక్రాల కింద అరిగిన ప్లాస్టిక్ రేణువు మామూలు రోడ్డు మీదయితే పక్క కాలువలోకి పోతుంది. ఇక్కడ వాననీటితో కలిసి కిందికే దారి. పిట్ట దొరికినట్టే, కానీ వండుకునే ముందు ఆలోచించాలి.

నీళ్లు తాగే ప్లాస్టిక్ దారి ఎక్కడా లేదని కాదు. నెదర్లాండ్స్‌లో 2018లో పాత ప్లాస్టిక్‌తో డొల్ల పలకలు పోతపోసి, వాననీరు వాటి కడుపులో ఆగేలా దారి వేశారు. జ్వోలేలో ఒకటి, పడవల మీద తిరిగే ఊరుగా పేరుపడ్డ గీట్‌హోర్న్‌లో ఇంకొకటి. ఒక్కోటీ 30 మీటర్లు, అదీ సైకిళ్లకు. అక్కడికి మన బృందం అధ్యయన యాత్రకు వెళ్తే ఆ 30 మీటర్లు నడవడానికి కనీసం పది రోజులు కావాలి.

వాళ్లు సైకిళ్లకే ఎందుకు వేశారో సర్పంచ్ గారు ఠక్కున పట్టేశారు. “అయితే మన బడి ముందర వెయ్యండి సార్. బళ్లు రావు, వడ్లు ఆరబోయరు, నేల కూడా గరప నేలే. పిల్లలు బురదలో పడుతున్నారు. ఇరవై మీటర్లు చాలు.”

ఏఈ గారు టేపు చుట్టేశారు. “కనీసం కిలోమీటరుండాలండి. అంతకన్నా తక్కువైతే ప్రారంభోత్సవానికి మంత్రిగారి కాన్వాయ్ పట్టదు.”