చీజ్ బోర్డుకు తలకిందుల సలహాలు

చీజ్ బోర్డు ఎలా సర్దాలో చెప్పే సలహాలన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి. మెత్తనిది ఒకటి, గట్టిది ఒకటి, నీలి బూజుది ఒకటి, మేకపాలది ఒకటి, ఘాటు వాసనది ఒకటి కొనమంటాయి. సందుల్లో ద్రాక్ష, అంజీర, ఆలివ్‌లు, బాదం, జామ్, మూడు రకాల బిస్కెట్లు నింపి చెక్క పలక కనిపించకుండా చేయమంటాయి. పక్కన మంచి రెడ్ వైన్ తెరవమంటాయి. హైదరాబాద్‌లో ఇంటికి పదిమందిని పిలిచేవారూ, డాలస్‌లో పాట్‌లక్ పెట్టేవారూ ఇప్పుడు ఇదే చేస్తున్నారు. ఫొటో బాగానే వస్తుంది. మర్నాడు మాత్రం తిన్నవాళ్లకు ఒక్క చీజ్ రుచి కూడా గుర్తుండదు.

ఇక్కడి సలహాలు దానికి ఎదురు నడుస్తాయి. కొన్ని పొరపాటుగా, కొన్ని పిసినారితనంగా తోచవచ్చు. ప్రతిదానికీ కారణం ఉంది. చదివి, పాటించి, ఆ తర్వాత తీర్పు చెప్పండి.

1. ఒక్కటే కొనండి

పదిమందిలో పాము చావదు. నీలి బూజు చీజ్ రోక్‌ఫోర్ ముక్క తిన్న నోటితోనే మేకపాల చీజ్ తింటే దాని సన్నని పులుపు నాలుకకు అందదు. ఉప్పు, ఘాటు అప్పటికే అక్కడ తిష్ఠ వేసి ఉంటాయి. అందుకే ఫ్రెంచివాళ్లు నెమ్మదైనదానితో మొదలుపెట్టి ఘాటైనదానితో ముగించడం అలవాటు చేసుకున్నారు. వాళ్లు చీజ్ తినేది బల్ల ముందు కూర్చుని, భోజనం అయ్యాక, తీపి వంటకానికి ముందు. అక్కడ వరుస పాటించడం సాధ్యమే. నిలబడి కబుర్లు చెప్పుకునే పార్టీలో ఎవరి చేతికి ఏది అందితే అది నోట్లోకి వెళుతుంది.

డబ్బు లెక్క చూసినా ఇదే మేలు. ఐదు చిన్న ప్యాకెట్లకయ్యే ఖర్చుతో బాగా మాగిన చీజ్ ఒక్కటి పెద్ద ముక్కే వస్తుంది.

ఉదాహరణకు కోంతే అనే గట్టి చీజ్‌నే తీసుకోండి. ఫ్రాన్స్ తూర్పు భాగంలోని జురా కొండల్లో మోంబెల్యార్డ్, సిమెంటల్ జాతి ఆవుల పాలతో చేస్తారు. దాదాపు 400 లీటర్ల పాలు పోస్తే సుమారు 40 కిలోల చక్రం ఒకటి తయారవుతుంది. దాన్ని స్ప్రూస్ చెక్క బల్లల మీద కనీసం 120 రోజులు మాగబెట్టాలి. ఆవులకు సైలేజ్ అనే పులియబెట్టిన మేత పెట్టకూడదని నియమం. ఎండాకాలంలో పచ్చిక మేసిన ఆవుల పాలతో చేసిన చక్రం కోస్తే లోపల పసుపుగా ఉంటుంది. చలికాలంలో ఎండుగడ్డి తిన్న ఆవుల పాలదైతే దంతం రంగులో ఉంటుంది. ముక్క రంగు చూసి అది ఏ కాలపు పాలదో అతిథులకు చెప్పవచ్చు. ఇంత చరిత్ర ఉన్నదాన్ని మరో నాలుగింటి మధ్య ఇరికించడం అన్యాయం.

2. రెండోది పెట్టాలనిపిస్తే అదే చీజ్ మరో వయసుది పెట్టండి

వైవిధ్యం కోసం ఎంత తేడా ఉంటే అంత మంచిదని అందరూ చెబుతారు. తేడా మరీ ఎక్కువైతే పోల్చడానికి ఆధారమే ఉండదు. ఎనిమిది నెలల కోంతే పక్కన రెండేళ్ల కోంతే పెట్టి చూడండి. చిన్నది వేలితో నొక్కితే కాస్త వంగుతుంది, నోట్లో వెన్నలా, పాలలా కమ్మగా ఉంటుంది. పెద్దది విరిస్తే పెళుసుగా విరుగుతుంది, వేయించిన పప్పుల వాసన వస్తుంది. నమిలితే పంటి కింద సన్నగా కరకరలాడుతుంది. ముక్కను వెలుగులో తిప్పి చూస్తే తెల్లని చుక్కలు కనిపిస్తాయి. చాలామంది వాటిని ఉప్పు రవ్వలనుకుంటారు. చీజ్ మాగేకొద్దీ అందులోని ప్రొటీన్ విడిపోయి, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ చుక్కలు అవే. బాగా మాగిన పార్మిజానో రెజ్జానోలోనూ ఇవి ఉంటాయి. కాలం ఏం చేస్తుందో రెండు ముక్కల్లో తెలిసిపోతుంది.

3. వడ్డించే ముందే చల్లదనం పోనివ్వండి

పాల పదార్థం కదా, పాడైపోతుందేమోనని అతిథులు వచ్చేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచుతారు. గడ్డకట్టిన నెయ్యికి అంతగా వాసన ఉండదు, అన్నం మీద కరిగితే ఇల్లంతా గుమగుమలాడుతుంది. చీజ్‌లోని కొవ్వుదీ అదే తీరు. చల్లగా ఉన్నంతసేపూ పరిమళాన్ని తనలోనే పట్టి ఉంచుతుంది. గట్టి చీజ్‌ను గంట ముందు తీసి, ఎండిపోకుండా కాగితం కప్పి ఉంచండి. మన ఎండల్లో అరగంట చాలు. బ్రీ లాంటి మెత్తనివి అంతకన్నా తొందరగా జారిపోతాయి కాబట్టి వాటిని కనిపెట్టుకుని ఉండండి.

4. ముందుగా ముక్కలు కోసి పెట్టకండి

చిన్న చతురస్రాలుగా కోసి పుల్లలు గుచ్చితే అతిథులకు సులువని అనుకుంటాం. కోసిన ప్రతి ముఖమూ గాలికి ఎండుతుంది. పావుగంటలో అంచులు బిగుసుకుపోతాయి. ముక్కను ముక్కగానే పెట్టి, పక్కన కత్తి ఉంచి, మొదటి ముక్క మీరే కోసి చూపించండి.

బ్రీని తీసుకుందాం. గుండ్రని చక్రంలోంచి కోసిన ముక్క కాబట్టి ముక్కోణంగా ఉంటుంది. పైనుంచీ అంచునుంచీ లోపలికి మాగుతుంది గనుక చక్రం నడిమి కొస దగ్గర రుచి ఒకలా, అంచు దగ్గర మరోలా ఉంటుంది. ఆ కొసను అడ్డంగా కోసుకోవడం ఫ్రాన్స్‌లో మర్యాద తప్పడమే. నడిమి నుంచి అంచు దాకా పొడవుగా కోయాలి. అప్పుడు అందరి వాటాలోకీ నడిమిదీ వస్తుంది, అంచూ వస్తుంది. పార్మిజానో రెజ్జానోకైతే పలచని కత్తి వద్దు. బాదం గింజ ఆకారపు పొట్టి కత్తిని గుచ్చి మెల్లగా తిప్పితే అది తన గీతల వెంట తానే విరుగుతుంది.

5. బూజును గీకేయకండి

తెల్ల బూజు చూడగానే చాకుతో గీకి పారేసేవాళ్లు మన వాళ్లలో ఎక్కువ. బ్రీ, కామంబేర్ మీది తెల్లని పొర పెనిసిలియం కామంబెర్టి అనే శిలీంధ్రం. చేసేవాళ్లు కావాలనే పెంచుతారు, లోపలి చీజ్ మెత్తబడటానికి అదే కారణం. నిక్షేపంగా తినవచ్చు. రోక్‌ఫోర్‌లోని నీలి చారలు కూడా అలా పెంచినవే. కోంతే గరుకు పైపొరను తినక్కరలేదు. ఎడమ్, గౌడా మీది మైనం, కొన్ని చెడ్డార్ల మీది గుడ్డ అసలే తినకూడదు. మరి ఇంట్లో ఫ్రిజ్‌లో మరిచిపోతే వచ్చిన బూజు వేరు. మెత్తని చీజ్ మీద అలాంటిది కనిపిస్తే మొత్తం పారేయండి.

6. ద్రాక్షపళ్లు తీసేయండి

ఇది వినగానే చాలామంది అభ్యంతరం చెబుతారు. ద్రాక్ష బోర్డును నింపుతుంది, ఫొటోకు పనికొస్తుంది, అంతకుమించి చేసేది తక్కువ. నీరూ తీపీ ఎక్కువ కావడంతో చీజ్ రుచి నోట్లో నిలవకముందే కొట్టుకుపోతుంది. ఒక చీజ్‌కు ఒక్క తోడు చాలు, ఆ తోడు చీజ్ పుట్టిన నేలదే అయితే మరీ మంచిది. స్పెయిన్‌లో మాంచెగోకు క్విన్స్ పండుతో చేసిన గట్టి హల్వా ముక్క పెడతారు. ఫ్రాన్స్‌లో బాస్క్ ప్రాంతంవాళ్లు ఓస్సో-ఇరాతీ అనే గొర్రెపాల చీజ్‌తో నల్ల చెర్రీల జామ్ తింటారు. అల్సాస్‌లో ఘాటు వాసన వేసే మున్‌స్టేర్ మీద షాజీరాను పోలిన గింజలు చల్లుతారు. ఇటలీలో చీజ్‌కు పియర్ పండు జోడీ మీద ఏకంగా సామెతే ఉంది.

ఉప్పగా, కొవ్వుగా ఉన్నదానికి కాస్త తీపో పులుపో ఎదురు నిలిస్తే రెండూ తేలికపడతాయి. కోంతేకు అక్రోట్లు, మామూలు రొట్టె చాలు. వెల్లుల్లి, రోజ్‌మేరీ, మిరియాలు దట్టించిన బిస్కెట్లు కొనకండి. వాటితో తింటే నాలుకకు తెలిసేది బిస్కెట్ రుచే.

7. మంచి రెడ్ వైన్ దాచుకోండి

చీజ్‌కు రెడ్ వైనే జోడీ అన్న మాట అందరి నోటా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పరిశోధకులు ఎనిమిది రకాల చీజ్‌లతో, ఎనిమిది రెడ్ వైన్‌లతో దీన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. చీజ్ తిన్న తర్వాత శిక్షణ పొందిన రుచిపరులకు వైన్‌లోని పండ్ల వాసన, ఓక్ వాసన, వగరు దాదాపు అన్నీ తగ్గినట్టే తోచాయి. పెరిగింది వెన్న వాసన ఒక్కటే. ఖరీదైన సీసా తెరిచి దాని గుణాలను చీజ్ కింద దాచేయడం ఎందుకు?

తాగేవాళ్లకు వైట్ వైన్ పోయండి. లువార్ నది ప్రాంతంలో షావిన్యోల్ ఊరి మేకపాల చీజ్‌కు అదే నేల మీద పండే సాన్సేర్ వైన్ జోడీ. నార్మండీలో కామంబేర్‌కు ఆపిల్ సైడర్ జోడీ. తాగనివాళ్లు నొచ్చుకోవలసిన పనిలేదు. తియ్యదనం మరీ ఎక్కువ లేని ఆపిల్ రసం గానీ, పాలూ చక్కెరా వేయని టీ గానీ కోంతేతో బాగా కుదురుతుంది.

8. పాలు పడనివాళ్లకు పెట్టండి, శాకాహారులకు అడగకుండా పెట్టకండి

మామూలుగా ఇది తిరగబడి జరుగుతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్లు చీజ్ చూసి వెనక్కి తగ్గుతారు. చేసేటప్పుడు పాలలోని లాక్టోజ్ చాలావరకు నీటితోపాటే పోతుంది. మిగిలినదాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది. నెలల తరబడి మాగిన కోంతే, పార్మిజానో లాంటివాటిలో అది దాదాపు ఉండదు. పాల ప్రొటీన్ అలర్జీ మాత్రం వేరే సంగతి. అది ఉన్నవాళ్లకు ఏ చీజూ పెట్టకూడదు.

శాకాహారి బంధువులు మాత్రం చీజ్ అంటే పాలే కదా అని నిస్సంకోచంగా తింటారు. పాలను తోడు పెట్టడానికి వాడే రెన్నెట్‌ను సంప్రదాయంగా దూడ కడుపులోంచి, కొన్నిచోట్ల గొర్రెపిల్ల కడుపులోంచి తీస్తారు. పార్మిజానో, కోంతే, రోక్‌ఫోర్ మూడూ ఆ కోవలోనివే. తెలియనివ్వకుండా పెట్టడం వాళ్లకు ద్రోహం చేయడమే. మన దేశంలో కొంటే ఆకుపచ్చ చుక్క, మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసిన) రెన్నెట్ అన్న మాట చూసి కొనండి. విదేశాల్లో ఉన్నవారు పోర్చుగల్‌లో చేసే సెర్రా ద ఎస్ట్రేలా వెతకండి. దానికి వాడే గొర్రెపాలను ఒక ముళ్లజాతి మొక్క పూలతో తోడు పెడతారు. ఇక గర్భిణులకు బ్రీ, కామంబేర్ లాంటి మెత్తని బూజు చీజ్‌లు, నీలి బూజువి, పచ్చిపాలతో చేసిన మెత్తనివి వద్దు. లిస్టీరియా బ్యాక్టీరియా భయం ఉంది.

9. తక్కువ కొనండి

పెట్టిన తర్వాత మిగలకపోతే మర్యాద తక్కువైనట్టు మనవాళ్లకు అనిపిస్తుంది. చీజ్ విషయంలో ఆ పట్టుదల వదులుకోండి. భోజనం ఉన్న రోజున మనిషికి 80 గ్రాములు పుష్కలం. ఆరుగురికి అరకిలో ముక్క సరిపోతుంది. ఇంకా మిగిలితే ప్లాస్టిక్‌లో బిగించకండి, చెమటపట్టి చెడు వాసన వస్తుంది. మైనపు కాగితంలోనో, బటర్ పేపర్‌లోనో చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఉంచండి.

చీజ్ కోసి అమ్మే దుకాణం మీకు అందుబాటులో ఉంటే అక్కడికే వెళ్లండి. ఎన్ని నెలలు మాగిందో, ఏ కాలపు పాలదో, ఏ రెన్నెట్ వాడారో అడగండి. ఒక రవ్వ రుచి చూపించమనండి. నచ్చినది ఒక్కటి తెచ్చి, దాని గురించి తెలుసుకున్నది అతిథులకు చెప్పి పెట్టండి. చీజ్ చేసినవాళ్లు దానికి నెలలు, ఏళ్లు ఇచ్చారు. తినే మనం పది నిమిషాలైనా దాని ఒక్కదానికే ఇవ్వాలి.