గరాజ్‌లో కరివేపాకు

అమెరికాలో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో అని ఒక ఊరుంది. తెలుగు మాట వినబడని వీధి తక్కువ. అక్కడ ఒకరింటి గరాజ్‌లో, కారుకీ గోడకీ మధ్య నా చలికాలపు కాపురం. మిగతా ఏడాదంతా పెరట్లో ఎండ కాచుకుంటాను. నేను కరివేపాకు మొక్కని. మొక్క అన్నది మాటవరసకే. 2021 జనవరి నాటికి ఆరడుగులున్నాను. కుండీతో సహా నన్ను జరపాలంటే ఇంటాయనా పక్కింటాయనా ఇద్దరూ రావాలి, ఆ తర్వాత ఇంటాయనకి రెండు రోజులు నడుం పట్టేయాలి.

నాలుగు వీధుల అవతల ఇంకో తెలుగువారి పెరట్లో, మా అమ్మ వేరు మీద పిలకగా లేచాను. కాఫీ కప్పులో ఇక్కడికి వచ్చాను. ఇల్లాలి ఆడపడుచు షికాగో నుంచి నా పిలక ఒకటి అడిగింది గానీ పంపడానికి చట్టం ఒప్పుకోలేదు. నిమ్మ, నారింజ, బత్తాయి మా కుటుంబమే కదా, ఆ తోటల్ని పట్టి పీడించే ఒక చిన్న పురుగు నా చిగుళ్ల మీద గుడ్లు పెడుతుందట. అందుకని మేం రాష్ట్రం పొలిమేర దాటకూడదు. ఇండియా నుంచి సూట్‌కేసులో పచ్చి ఆకు తెచ్చినా విమానాశ్రయంలోనే తీసిపారేస్తారు. తీసిపారేయడం మాకు అలవాటేననుకోండి, కాకపోతే ఇంట్లో అయితే విస్తట్లోకి వచ్చాక.

నా శాస్త్రీయ నామంలో కోనిగ్ అని ఒక వృక్షశాస్త్రజ్ఞుడి పేరుంది. ఆయన 1785లో కన్నుమూసింది కాకినాడ జగన్నాథపురంలో. మంచు పడని ఊరది. నా ఒంటికి తెలిసిన వాతావరణం కూడా అదే. గరాజ్‌లో వేడి పది డిగ్రీలకి దిగితే చాలు, ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. మంచు దాకా అక్కర్లేదు, ఉత్త చలే చాలు.

పెరటి మూల లైవ్ ఓక్ చెట్టుంది. దానికి ఒక విద్య తెలుసు. పగళ్లు కురచవడం మొదలవగానే ఎదుగుదల ఆపుతుంది. ఆ పైన చిన్న చిన్న చలి తగిలేకొద్దీ కణాల్లో చక్కెర పోగుచేసుకుంటుంది, కణాన్ని చుట్టి ఉండే పొరలోని కొవ్వుల్ని మార్చుకుంటుంది. చలికి నెయ్యి పేరుకుంటుంది, నువ్వులనూనె పేరుకోదు చూడండి, అలాంటి మార్పు. వారాల తరబడి సాగే పని ఇది, ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. ఎండలు తిరిగి ముదిరాయంటే చేసుకున్నదంతా కరిగిపోతుంది కూడా. ఆ ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో కూడా పగళ్లు వెచ్చగానే ఉన్నాయి.

ఇంటాయనకి లెక్కలంటే ఇష్టం. అమెరికా వ్యవసాయ శాఖ ఎక్కడ ఏ చెట్టు బతుకుతుందో చెప్పడానికి దేశాన్ని 13 మండలాలుగా గీసింది. ఫ్రిస్కోది ఎనిమిదో మండలం. "మనకి మైనస్ పన్నెండు కంటే దిగదు" అనేవాడు. అది ఏటేటా వచ్చే అతి చల్లని రాత్రుల సగటు అని పటం కిందే రాసి ఉంటుంది, చదివితే గదా. ఫిబ్రవరి 16 తెల్లవారేసరికి డాలస్ విమానాశ్రయంలో ఫారెన్‌హీట్ మైనస్ 2, అంటే సున్నాకి 19 డిగ్రీలు కింద. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు. ఆ ఒక్క రాత్రి మేమంతా ఆరో మండలంలో ఉన్నాం.

ముందు 14న మంచు పడింది. పిల్లలు సంబరపడ్డారు. మర్నాడు కరెంటు పోయింది. రాష్ట్రంలో నలభై లక్షల పైచిలుకు ఇళ్లకి పోయిందని తర్వాత విన్నాను. వంటింటి గోడకి ఆనించి ఉన్నాను గనక అంతదాకా ఆ గోడ వెచ్చదనమే నన్ను కాచింది. ఇల్లే చల్లబడ్డాక గోడ మాత్రం ఏం చేస్తుంది?

ఇల్లాలు టార్చిలైటు పట్టుకుని వచ్చింది. తన పాత మంగళగిరి చీర తెచ్చి నాకు నిండా చుట్టింది. చీర మెత్తగా ఉంది, బీరువా వాసన వేసింది. ఆమెకి చెప్పలేకపోయాను గానీ దుప్పటి వేడి పుట్టించదమ్మా, ఉన్నదాన్ని పట్టి ఉంచుతుంది. మనిషికి ఒంట్లో వేడుంది, నాకు లేదు. పెరట్లో నేలలో పాతుకున్న చెట్టుకైతే నేలదాకా దించి కప్పితే మట్టిలోని వేడి లోపల నిలుస్తుంది. సిమెంటు గచ్చు మీది కుండీకి ఏముంది? ఇంటాయన సందేహం వేరు: "నారింజ తోటల్లో గడ్డకట్టే రాత్రి నీళ్లు చల్లుతారట, మనమూ పోద్దామా?" మాట నిజమే. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకి 80 కెలోరీల వేడి వదులుతుంది, అది కాయని కాస్తుంది. కానీ తెల్లవార్లూ ఆపకుండా చల్లాలి, మధ్యలో ఆపితే అసలుకే మోసం. ఇంట్లో అప్పటికే పైపులు గడ్డకట్టాయి.

చీర కట్టాక ఆమె ఇంకో పని చేసింది. లాక్‌డౌన్ భయంతో కొన్న సోనామసూరి బస్తాలు నాలుగు గరాజ్‌లో ఉన్నాయి. వాటిని కుండీ చుట్టూ పేర్చింది. రెండు రోజుల ముందు నా మట్టిని బాగా తడిపి ఉంచింది కూడా.

ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాను. మంచు ముందు కణం లోపల పుట్టదు. కణాల మధ్య సందుల్లో పుడుతుంది, అక్కడి నీరు పలచన, లోపలిది చిక్కన. పుట్టిన మంచు లోపలి నీటిని బయటికి లాగుతుంది. ఉప్పు పట్టించిన మామిడిముక్క నీరు వదిలినట్టు కణం ముడుచుకుపోతుంది. అంటే మేం చలితో చచ్చేది చాలావరకు దాహంతోనే. విద్య నేర్చిన చెట్టు ఆ ముడుత ఓర్చుకుని, కరిగిన నీటిని మళ్లీ తాగి నిటారవుతుంది. నాకా విద్య లేదు. కొమ్మ చివర్నించి మొదలై రెమ్మ రెమ్మకీ పొరలు చిరుగుతూ కిందికి వచ్చాయి.

గడ్డకట్టినప్పుడు ఆకు అందంగానే ఉంటుంది, గాజు ముక్కలా. కరిగాకే అసలు రంగు. నాలుగు రోజుల తర్వాత చీర విప్పితే నా ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడుతున్నాయి. ఆమె ఒకటి నలిపి వాసన చూసింది. కరివేపాకు వాసనే వచ్చింది, కాస్త కుళ్లుతో కలిసి.

గుంటూరులో ఉన్న తల్లికి వీడియోలో చూపించింది. "పోయిందమ్మా."

"గోటితో గీకి చూశావుటే?"

"చూశాను. పైనంతా గోధుమరంగే. కింద దాకా అంతే."

"వేరు చచ్చిందని నీకెవరు చెప్పారు? ఆషాఢం దాకా ముట్టుకోకు."

ఇంటాయన మాత్రం చెత్తబండి వచ్చే రోజు ఏదని లెక్క చూసుకున్నాడు.

గుంటూరు తల్లి తోటల చదువు చదవలేదు గానీ ఇక్కడి నిపుణులూ ఆ వసంతంలో అదే చెప్పారు: తొందరపడి కోయకండి, ఆగండి. వీధిలో చాలామంది ఆగలేదు. గన్నేరు పొదలు మొదళ్లతో సహా లేచిపోయాయి, ఆగి ఉంటే కొన్నయినా నేలలోంచి వచ్చేవి. పెరటి లైవ్ ఓక్‌కి కూడా ఆకంతా ఖాకీరంగు తిరిగింది, కాండం మీద బెరడు ఒకచోట నిలువునా చిట్లింది. విద్య ఉన్నదానికే అంత అయింది. ఏప్రిల్‌లో అది మళ్లీ చిగిర్చింది, చీలిక మాత్రం ఇంకా పూడలేదు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. చెట్టులో వేరే చలికి సుకుమారం, కాండం కాదు. నేలలో మట్టి దాన్ని కాపాడుతుంది గనక తెలియకుండా గడిచిపోతుంది. కుండీలో అన్ని వైపులా గాలే. నా వేరు బతికిందంటే బియ్యం బస్తాల వల్ల, తడిమట్టి వల్ల. ఆ తడి గడ్డకడుతూ నారింజతోటలో నీళ్లు చేసే పనే నా వేళ్ల దగ్గర చేసింది.

మే చివర్లో మొదలు పక్కన మట్టి పగిలి ఎర్రటి మొన ఒకటి కనిపించింది. వారం తిరిగేసరికి మూడు పిలకలు. ఆమె ఫోన్ చేసింది. అవతల నుంచి మొదటి ప్రశ్న: "పోపులో వేశావా?"

"నాలుగు ఆకులేనమ్మా."

"అయితే వేయకు."

చచ్చిన ఆరడుగుల కొమ్మని మాత్రం ఆమె కోయలేదు. దానికో చిన్న థర్మామీటరు కట్టింది. నవంబరు వచ్చిందంటే గరాజ్‌లోకి వచ్చేవాళ్లంతా ముందు దాన్ని చూస్తారు, తర్వాత నన్ను.